కల్లు మండువయు గాథాగానమును

హైదరాబాదునకు ఆగ్నేయమున, నాగార్జునసాగరమునకు బోవు త్రోవలో, రంగారెడ్డి జిల్లాయందు ఇబ్రహీంపట్నము కలదు. ఊరికిని, ఊరి ప్రక్కనున్న పెద్దచెఱువునకును 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాహి పేరే నిలిచినది. ఆంధ్రకవు లాతని మల్కిభరాముడని కొనియాడిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నాతనికే యంకిత మొసంగెను. ఆ కాలముననే పటాన్‌చెఱువునందలి అమీనుఖానుడు పొన్నెగంటి తెలగనార్యుని యయాతిచరిత్రమునకు గృతిపతి యయ్యెను. అచ్చతెనుగు కావ్యములకు అదియే మొదలని పండితు లెఱిగినదే. ఇట్లు ఆ యేలికనాటి సభలో జదువబడిన పద్యములు నేటికిని మనకు దక్కియున్నవి. చెఱువుకట్టకు మట్టి మోసినవారు ప్రొద్దు గూకినపిమ్మట ఎచ్చట గూర్చుండిరో, ఏమి పాడుకొనిరో ఆ కావ్యములు చెప్పవు.

వా రెచ్చట గూర్చుండియుందురో ఊహించుట కష్టము కాదు. తెలంగాణమున పల్లెకు దేవాలయ మెట్లో తాటివనమును, వనములోని కల్లు మండువయు నట్లే. మండువ యనగా తీరాంధ్రమున ఇంటినడిమి తెఱపి. తెలంగాణమున గీసినవారు కల్లుకుండలు దింపి పోయు చోటు. ఈ రెండర్థములకును నలుగురు గూర్చుండు తావనుట సమానము. అట్టి తావునందు బుట్టిన పాటకు చరిత్రసాక్ష్యముగా విలువ గలదా యనునది ఇచ్చట విచారింపదగిన విషయము.

మొదట శాస్త్రగ్రంథములు మద్యశాల నెట్లు చూచినవో పరికింపవలెను. పాణిని తద్ధితప్రకరణమున, ఆదాయస్థానమునుండి వచ్చినది యను నర్థమున నొక ప్రత్యయమును విధించి, దాని వెనువెంటనే శుండికాదిగణమునకు వేఱుగా అణ్ ప్రత్యయమును జెప్పెను. శుండికయనగా మద్యశాల, అచ్చటినుండి వచ్చినది శౌండికము. అనగా వ్యాకరణశాస్త్రమున మద్యశాల రాజునకు రాబడి నిచ్చు స్థానముల సరసనే కనబడుచున్నది. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున సురాధ్యక్షుడను నధికారి నేర్పఱచి, పానశాలలయందు పెక్కు గదులును, వేఱు వేఱు పాన్పులును, గంధమాల్యములును, ఉదకమును, ఋతువున కనుకూలమగు సౌఖ్యములును ఉండవలెనని విధించెను. అచ్చట వేగుల నుంచి, వచ్చినవా రెవరెంత వెచ్చించుచున్నారో, క్రొత్తవా రెవరో తెలిసికొమ్మనెను. ప్రభుత్వము పానశాలలో జెవియొగ్గి వినినది నిజమే; కాని వినినది వ్యయమును మాత్రమే.

అమరసింహుడు మాత్రము మఱియొక మాటను గూడ మిగిల్చెను. ఆపానమునకు పర్యాయముగా పానగోష్ఠిక యని యతడు చెప్పినాడు. గోష్ఠియనగా సభ, సల్లాపము. పలువురు కూడి మాటలాడుకొనునదియే గోష్ఠి గాని, ఒంటిగా ద్రావువానికి గోష్ఠి యెక్కడిది? కావున మద్యశాలకు రాబడిస్థానమనియు, సభాస్థానమనియు రెండు ముఖములు గలవని నిఘంటు వొప్పుకొనినట్లే. వానిలో మొదటిదానికి పద్దులు గలవు. రెండవదానికి పాటయే పద్దు.

నిజాము రాష్ట్రమున ఈ మొదటి ముఖమునకు ఆబుకారీ యని పేరు. ఇది పారసీక పదము. ఆబు అనగా నీరు, కారీ యనగా పని. 1853 మొదలు 1883 వఱకు మంత్రిగా నుండిన మొదటి సాలారుజంగు కాలమునుండి రాజ్యపు రాబడి పద్దులకు క్రమము గలిగెను. ఆ పద్దులలో ఆబుకారీ ముఖ్యమైన దయ్యెను. ఫసలీ 1316లో, అనగా సుమారు 1906-07లో, హైదరాబాదు ఆబుకారీ చట్ట మేర్పడెను. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము వచ్చువఱకు తెలంగాణమున దానిదే నడవడి. చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము, గుత్తేదారునకు లాభము, గీయువానికి మోకు: ఇదియే ఆ కాలపు వ్యవస్థ. వేలములో ఎవ్వ రెంతకు బాడిరో సర్కారు దప్తరములలో దొరకును. వేలమునకును "పాట" యనియే మన భాషలో బేరు. కల్లుదుకాణమునందు ఆ యొక్క పాటను మాత్రమే దప్తరము భద్రపఱచినది.

ఇక రెండవ ముఖమును గూర్చి. కల్లునకు గల యొక స్వభావము ఈ విచారమున మిక్కిలి ముఖ్యము. గెలనుండి కారునప్పుడు తియ్యనై యుండు తాటినీరు, లొట్టిలో సున్నము పూయనిచో, కొలదిగంటలలోనే పులిసి కల్లగును. మఱునాటికి ద్రావ వీలులేనంత పులుపగును. సారాయివలె దానిని ఏడాది నిలువయుంచుటకుగాని, దూరదేశమునకు బంపుటకుగాని పూర్వము సాధ్యము కాదు. కావున గీసిననాడే, గీసినచోటనే త్రావవలెను. పోతుతాటికి నొక కాలము, పరుపుతాటికి నొక కాలము, ఈతకు నొక కాలము. మండువకు వేళను నిర్ణయించునది గడియారము కాదు, చెట్టు. గౌడు మోకు నడుమునకు, గుజి పాదములకు దగిలించి, కత్తులు పెట్టిన ముస్తాదుతో నెక్కి దిగినపుడే గోష్ఠి మొదలగును.

దీనివలన రెండు ఫలితములు గలిగినవి. మొదటిది: అచ్చటికి వచ్చువా రందఱును ఆ యూరివారు, లేక పొరుగూరివారు; ఒకరి నొక రెఱిగినవారు. రెండవది: పనివేళ దీఱి, దున్నినవాడు, కుండలు చేసినవాడు, బట్టలుదికినవాడు, దూది యేకినవాడు ఒకేసమయమున నచ్చట జేరుదురు. తాటాకు రేకలో నొకడు పోయగా వేఱొకడు త్రావును. ఊరిలో వాడలు వేఱైనను చెట్టునీడ యొక్కటియే. అచ్చటను భేదములు పూర్తిగా నశించునని చెప్పరాదు. ఎవరి రేక వారిది, ఎవరి తావు వారిది యను మర్యాద కొన్నియూళ్ల గలదు. అయినను ఇన్ని వృత్తులవారు ఒకే మాటను వినుచు నుండెడు వేఱొక తావు పల్లెలో నరుదు. ఇట్టి సభకు పాడువాడు దొరకినచో అతడు ఏమి పాడినను అందఱి పాటగా బాడవలసియుండును.

పాడువారు లేకపోలేదు. తెలంగాణమున నొక్కొక్క కులమునకు నొక్కొక్క యాశ్రితగాయకవర్గము గలదు. గొల్లకురుమలకు ఒగ్గువారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు ఏనూటివారు. గౌడుల కులదైవమగు కంఠమహేశ్వరుని, అనగా కాటమయ్యను, సురమాంబను గూర్చిన కథలను గౌడుల గాయకులు చెప్పుదురు. వీరుగాక శారదకాండ్రు శారదయను తంత్రీవాద్యమును మీటుచు, వంతవారు మాట నందుకొనుచుండ, వీరకథలను వినిపింతురు.

ఈ సంప్రదాయము నిన్నటిది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, ప్రభాతపదములు, వెన్నెలపదములు మొదలగువానిని బేర్కొని, ఆనాటి జనుల పాటలకు జాబితా వ్రాసియుంచెను. క్రీడాభిరామమున ఓరుగంటి వీథులలో దిరుగు మంచనశర్మయు టిట్టిభసెట్టియు, ఒక స్త్రీ వాద్యధ్వనితో ద్విపదలో పలనాటివీరుల కథను బాడుచుండగా విందురు. రూక యిచ్చి పూటకూటింట భుజింతురు. వేడుక, భోజనము, వీరగాథ యివి మూడును పట్టణవీథిలో నొకేదినమున జనులకు లభించినవని ఆ గ్రంథము చాటుచున్నది. ఆ వీథికిని ఈ మండువకును నడుమ నున్నది కాలభేదమే.

ఇప్పుడు ప్రధానోదాహరణమునకు వత్తము. తాటివనమునుండియే పుట్టిన చారిత్రకపురుషు డొక్కడు తెలుగుదేశమున గలడు: సర్వాయి పాపన్న. కల్లుగీత కులమువాడు. ఇప్పటి జనగామ ప్రాంతమునందలి తాటికొండ, షాపురములను స్థావరములుగా జేసికొని, మొగలాయిల యధికారము తెలంగాణమున నింకను వేళ్లూనకుండగనే వారి నెదిరించెను. 1708లో మొహరము దినములలో ఓరుగంటిని గొట్టెను. పిమ్మట భువనగిరిపై బడెను. 1709 మొదట బహదూరుషా పాదుషా హైదరాబాదున నుండగా కానుకలతో బోయి ఖిల్లతు బడసెను. తరువాత ఫిర్యాదులు రాగా ఆ పాదుషాయే యతని బట్టుడని యాజ్ఞాపించెను. 1710లో సుబేదారు యూసుఫుఖానుని సేన తాటికొండను ముట్టడించి గెలిచెను. పాపన్న తప్పించుకొని, ఒక కల్లుగీయువాని యొద్ద దాగియుండగా గుర్తింపబడి పట్టుబడి చంపబడెను. అతని తలను పాదుషాకు బంపిరి. తాటిచెట్టుక్రింద మొదలైన బ్రతుకు తాటిచెట్టుక్రిందనే ముగిసినది.

ఈ వృత్తాంతమును విశేషముగ దెలిపినవాడు ముంతఖబుల్లుబాబు కర్తయగు ఖాఫీఖానుడు. అతనికి పాపన్న దారిదోపిడికాడు. సొంతయక్కసొమ్మునే దోచి ప్రబలినవాడు. ధనికులయిండ్లలోని స్త్రీల నపహరించినవాడు. సర్కారు పక్షమున నున్న చరిత్రకారుడు మఱియొకవిధముగ వ్రాయునని యెదురుచూడరాదు. అతని వ్రాతలో దినము, వారము, సేనల సంఖ్య గలవు. కాని ఒక ప్రశ్నకు మాత్ర ముత్తరము లేదు. ఒక గౌడుని వెంట వేలకొలది జనులు ఏల నడచిరి? దోపిడియాశ యొక్కటియే యైనచో సంవత్సరములకొలది ముట్టడులకు నిలుతురా?

పాట ఆ ప్రశ్నకే మొదట నుత్తరము చెప్పును. పాపన్నపాటను 1874లో జె. ఏ. బాయిల్ అను ఆంగ్లేయుడు ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో బ్రకటించెను. అందు తల్లి సర్వమ్మ కొడుకును కులవృత్తి చేపట్టుమనును. కొడుకు దాని నొల్లక, తన చేతిదెబ్బ గోలకొండకే తగులవలెనని బదులుచెప్పును. దీని భావము కల్లుగీత నీచమనుట కాదు. చెట్టుపై చేతికి దొరకని దొకటి కోటలో నున్నదనుట. తరువాతికాలమున జానపదుల నోట సేకరింపబడిన పాఠమున పాపన్న తోడి వారి పేళ్లు వరుసగా వచ్చును. చాకలి సర్వన్న, మంగలి మానన్న, కుమ్మరి గోవిందు, మేదరి యెంకన్న, దూదేకుల పీరు, వారితో ఎఱుకలవారును తురకలును గలరు. వెల్చేరు నారాయణరావును జాన్ రిచర్డ్సును 1980లో ఈ గాథను పారసీక చరిత్రముతో జోడించి చర్చించిరి. రిచర్డ్ ఈటన్ దక్కను సాంఘికచరిత్రమున దానినే విస్తరించెను.

ఈ పేళ్ల వరుసను పరికించినచో విశేష మొకటి తోచును. ఇది కోటలోని సేనానుల పట్టికవలె లేదు. సాయంకాలము మండువలో గూర్చున్నవారి పట్టికవలె నున్నది. ఆ పేళ్లుగలవా రందఱును నిజముగా నుండిరని పాట నమ్మి చెప్పుట సాహసము. పాడువాడు తన యెదుట నున్న శ్రోతల కులములనే కథలోనికి దెచ్చియుండవచ్చును. అట్లయినను సాక్ష్యమునకు హాని లేదు, సాక్ష్యవిషయము మాఱినదంతే. 1708లో నేమి జరిగినదో ఖాఫీఖానుడు చెప్పును. జరిగినదానిని తాటివనములోని జనులు తమదిగా నెట్లు చేసికొనిరో పాట చెప్పును. మొదటిదానిని చరిత్రమనియు, రెండవదానిని పుక్కిటిపురాణమనియు విభజించుట న్యాయము కాదు. రెండును ఉద్దేశముగల సాక్ష్యములే. ఒకటి సర్కారు చావడిలో వ్రాయబడినది, వేఱొకటి కల్లు మండువలో బాడబడినది.

దేశాంతరమున దీనికి సాటియైన దొకటి యున్నది. అమెరికాయందు 1865లో బానిసత్వము చట్టప్రకారము తొలగెను. అయినను మిసిసిపీనదీ ప్రాంతపు ప్రత్తితోటలలో నల్లజాతివారు పాలికాపులై, తోటదొర పద్దుపుస్తకమునకు గట్టుబడియుండిరి. ఏడాదికడపట లెక్కచూచినపుడు అప్పే మిగులును. ఆ లెక్కను ప్రశ్నించుట కధికారము లేదు. శనివారపురాత్రి తోటలప్రక్క పూరిపాకలలో త్రాగి, ఆడి, పాడెడువారు. ఆ పాకలను జ్యూక్ జాయింట్లనిరి. ఆ పాటలను బ్లూస్ అనిరి. ఆ పదమునకు దైన్యము, దిగులు అని యర్థము. ఒక మాటను రెండుమారులు పాడి, మూడవమారు దానికి జవాబు చెప్పుట వానిలో బరిపాటి. మొదటిది తిరుగ బాడునంతలో మూడవదానిని గట్టుకొన వీలగును. మన శారదకథలో వంతవాడు మాటను దిరిగి యెత్తుకొనునంతలో కథకుడు తరువాతిమాటను గూర్చుకొనుటయు నట్టిదే.

1903 ప్రాంతమున డబ్ల్యూ. సి. హ్యాండీ యను వాద్యకారుడు టట్‌విలర్ రైలుస్టేషనులో నొక బీదగాయకుడు కత్తితో గిటారుతీగల నొత్తుచు బాడుచుండగా వినెను. 1920లో మేమీ స్మిత్ పాడిన పాట గ్రామఫోనుపలకగా వచ్చి విరివిగా నమ్ముడుపోయెను. 1941లో ఆలన్ లొమాక్స్, జాన్ వర్క్ అనువారు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయపు పక్షమున మిసిసిపీకి బోయి, స్టోవాల్ తోటలో ట్రాక్టరు నడపు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డు పాటలను ముద్రించిరి. అతడే 1943లో షికాగో నగరమునకు వలసపోయి, అచ్చటి పేటలలోని చిన్న పానశాలలలో బాడి, మడ్డీ వాటర్స్ అను పేర జగద్విఖ్యాతి గాంచెను. నేడు ఆ తోటదొరల పద్దులను జదువు పండితులు ఆ పాటలనుగూడ ప్రక్కన బెట్టుకొని చదువుదురు. ఏలన, అప్పు ఎంతయో పద్దు చెప్పును. అప్పు బరు వెట్టిదో పాట చెప్పును.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. మద్యశాల మానవుని జెఱుచునది. దానిని గోష్ఠియనియు, సభయనియు బొగడుట తగునా? ఈ యాక్షేపము బలమైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటయందు అక్షరాస్యతాపాఠము జదివిన స్త్రీలు సారాయంగడిని మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట బ్రాకి, 1993లో సారాయినిషేధమునకును, 1995లో మద్యనిషేధమునకును దారితీసెను. 1997లో మద్యనిషేధము సడలింపబడెను. కల్లును నిర్దోషము కాదు. చెట్టుకల్లు చాలనిచోట మత్తుమందులు గలిపిన కల్తీకల్లు వచ్చి ప్రాణములు దీయుచున్నది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున బలువురు దానివలన మరణించిరి. ఇంటికి జేరవలసిన కూలి దుకాణమున దీఱిపోవుటచే గలుగు దుఃఖము స్త్రీల దంపుళ్లపాటలలో వినబడుచునే యున్నది. కావున మండువపాటను సేకరించువాడు ఇంటిలోని దంపుడుపాటనుగూడ సేకరింపవలెను. ఒకదానికి వేఱొకటి జవాబు. రెంటిలో నొకటి విడిచినచో సాక్ష్యము సగమే. పాటను భద్రపఱచుట పానమును సమర్థించుట కాదు. యుద్ధకావ్యమును జదువువాడు వధను సమర్థించినవాడు కాడుగదా.

మన దేశమున ఈ పని జరుగలేదని చెప్పరాదు. సురవరము ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రమును బ్రకటించి, రాజులను విడిచి ప్రజల తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రకెక్కించెను. బిరుదురాజు రామరాజు తెలంగాణపు పల్లెలు దిరిగి, 1958లో తెలుగు జానపదగేయసాహిత్యమును వెలువరించెను. కాని అచ్చుపడిన పాటల సంపుటములు పెక్కింట నొక లోపము గానవచ్చును. పాట యుండును, అది ఏ యూరిలో, ఏ తావున, ఎవరియెదుట, ఏ వేళ బాడబడినదో యుండదు. వ్రాతప్రతికి తాళపత్రసంఖ్యయు లేఖకుని పేరును లేనిచో పండితు లంగీకరింతురా? పాటకు మాత్ర మా నియమ మక్కఱలేదనుట తగదు. పాపన్నపాటలోని పేళ్లవరుస ఏ సభలో బాడబడినదో తెలిసియుండినచో, పైన ఊహగా జెప్పినది నిర్ణయముగా జెప్పుటకు వీలయ్యెడిది.

ఆలస్యమునకు దావు లేదు. హైదరాబాదు నగరమున 2004లో కల్లుదుకాణములు మూయబడి, 2014లో మరల దెఱవబడెను. ఆ పదియేండ్లలో చెదరిన గోష్ఠు లన్నియు మరల గూడినవనుకొనుట కష్టము. నగరము పెరుగుచు ఇబ్రహీంపట్నమువైపు నడచుచున్నది. తాటివనములున్న నేలలు ఇండ్లస్థలము లగుచున్నవి. 2024 జులైలో ఇబ్రహీంపట్నము నియోజకవర్గమునకు జేరిన లష్కరుగూడయందు ముఖ్యమంత్రి రేవంతరెడ్డి గీతకార్మికులకు చెట్టునుండి పడకుండ గాపాడు పరికరములను బంచెను. ఆ పథకమునకు కాటమయ్య రక్షణకవచమని పేరు పెట్టిరి. కులదైవము పేరు సర్కారు పథకమున జేరినది. ఆ దైవమును గూర్చి పాడిన గాథలకు మాత్రము అట్టి కవచ మింకను గావలసియున్నది.

పాఠశాలా పండితులు తమ యూరి చెఱువు శాసనమును వ్రాసికొనుచున్నట్లే, తమ యూరి మండువలోని పాటను, పాడినవాని కులమును, ఊరిని, దినమును, విన్నవారి వివరమును వ్రాసికొనుట యుక్తము. ఇబ్రహీంపట్నపు చెఱువు నెవ్వరి యేలుబడిలో ద్రవ్విరో ఊరిపేరే చెప్పుచున్నది. త్రవ్వినవా రెవ్వరో చెప్పుటకు పేరులేని పాట యొక్కటియే మిగిలియుండవచ్చును. అది తాటిచెట్టుతోడనే కూలకముందే దానిని వినవలెను.